నురగ తగ్గేదాకా

డీజిలు పోస్తున్నప్పుడు నురగ లేస్తుంది. ట్యాంకు నిండినట్టే కనిపిస్తుంది, పంపు కూడా టక్కున ఆగిపోతుంది, కానీ నిండదు. నురగ తగ్గేదాకా రెండు నిమిషాలు ఆగాలి. మళ్లీ పోసి, మళ్లీ ఆగి, మూతి అంచున డీజిలు తేటగా మెరిసేదాకా పోస్తేనే నిండినట్టు. ఊరి చివర పంపులో ఈ సంగతి మాస్టారికి తప్ప ఇంకెవరికీ పట్టదు. వెనక లారీవాళ్లు హారన్లు కొడుతున్నా ఆయన మాత్రం వంగి ట్యాంకు మూతిలోకి చూస్తూ నిలబడతారు. అందుకే అక్కడివాళ్లు ఆయనకి నురగ మాస్టారని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు ఆయనదాకా వచ్చింది. కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ ల్యాబులో ప్రయోగాలు చేయించిన మనిషి, ఇంతకంటే చెడ్డ పేర్లే విన్నారు.

ఆ బుధవారం కూడా అలాగే వంగి చూస్తున్నారు. నలభై ఏడు లీటర్ల దగ్గర డీజిలు అంచుకొచ్చింది.

"చాలు, ఆపమ్మా. కాస్త చూసి పొయ్యకూడదూ? చూడు, ఇక్కడ ఎలా కారిందో."

ట్యాంకు మూతి కింద తెల్లరంగు మీద జానెడు పొడుగున గోధుమరంగు మరక. పంపు దగ్గర పనిచేసే ఆవిడ, నెత్తిన కంపెనీ టోపీ కొంచెం వెనక్కి నెట్టుకుని, మరక వంక చూసింది.

"ఇది నేను ఒలికించింది కాదు సార్. ముందే ఉంది."

"ఎప్పుడూ ఇదే మాట."

"ఎప్పుడూ ముందే ఉంటుంది సార్."

మాస్టారు జేబులోంచి గుడ్డముక్క తీసి మరకని నాలుగుసార్లు తుడిచారు. అది పోయే మరక కాదు. బండెక్కి, ముందు అరలోంచి నోటుబుక్కు తీశారు. పోయినసారి అంచుదాకా నింపాక తిరిగింది నాలుగొందల ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. మళ్లీ అంచుదాకా నిండడానికి పట్టింది నలభై ఏడు లీటర్లు. కాగితం అవసరం లేకుండానే తేలిపోయింది. లీటరుకి తొమ్మిది పాయింట్ ఒకటి.

అట్ట లోపలి వైపు, బండి కొన్న రోజున ఆయనే రాసుకున్న వాక్యం ఉంది: 'లీటరుకి పది కంటే తగ్గిన రోజున అమ్మేయాలి.' కింద గీత. గీత స్కేలుతో గీసింది.

*

అది పాత వ్యాను. వెనక సీట్లు పీకించి మంచం, స్టవ్వు, చేతులు కడుక్కోడానికి చిన్న తొట్టి, కిటికీలకి పరదాలు పెట్టించారు. ఇంట్లో దాన్ని ఇల్లుబండి అనేవాళ్లు. భార్యాభర్తలిద్దరూ రెండు నెలలకోసారి దాన్లో సముద్రం దాకా వెళ్లి, ఒక రాత్రి ఒడ్డున పడుకుని వచ్చేవారు. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో ఆయన ఒక్కరే నాలుగుసార్లు వెళ్లొచ్చారు. నాలుగుసార్లూ తొమ్మిదే.

పంపు నుంచి బండిని నేరుగా మెకానిక్కు షెడ్డుకి తోలారు. మెకానిక్కు ఒక కారు బానెట్లో సగం మనిషి లోపలా సగం బయటా ఉన్నాడు.

"తొమ్మిది పాయింట్ ఒకటి," అన్నారు మాస్టారు, పలకరింపు లేకుండా.

మెకానిక్కు బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. యాభై దాటిన మనిషి, ఒక్కడే పనిచేసుకుంటాడు. "ఎయిర్ ఫిల్టరు మారుస్తాను మాస్టారూ. టైర్లలో గాలి చూద్దాం."

"గాలి నేను చూశాను. నీకో సంగతి చెప్పనా? ఆవిడ ఉన్నన్నాళ్లూ ఈ బండి పది దిగలేదు. ఆవిడ పోయిన నెలకి నువ్వు ఇంజన్లో డీజిలు పంపు విప్పి, డీజిలు చిమ్మే నాజిళ్లు మార్చావు. అప్పట్నుంచీ తొమ్మిది. మధ్యలో చెయ్యి పడింది నీదొక్కడిదే."

"కొత్త నాజిళ్లే వేశాను."

"డబ్బా కొత్తదేమో."

ఆ మాట అనకుండా ఉండాల్సిందని అన్నాక తెలిసింది. ఇరవై ఏళ్లుగా ఆ షెడ్డులో మాస్టారికి ఒక స్టూలు ఉంది, ఇంకెవరూ కూర్చోరు దాని మీద. మెకానిక్కు పోట్లాడతాడేమోనని చూశారు. పోట్లాడితే బాగుండేది. అతను తలొంచుకుని స్పానర్లని సైజుల వరసలో పేర్చడం మొదలుపెట్టాడు. తప్పు చేసినవాడి వాలకమే అది అనుకున్నారు మాస్టారు.

"ఆదివారం కొనేవాడు వస్తున్నాడు. మా అమ్మాయి మాట్లాడింది."

స్పానర్లు ఆగాయి. "అమ్మడమెందుకు మాస్టారూ? ఏదో ఒకటి చేద్దాం. గ్యాసు పెట్టిద్దాం. లేదూ, వాడిన వంటనూనెతో డీజిలు చేస్తున్నారు చూడండి, అది పోసి చూద్దాం."

"డీజిలు ఇంజనుకి గ్యాసా? నువ్వేగా పోయినేడు కుదరదన్నావు."

"కుదరదని కాదు. దీనికి స్పార్కు ప్లగ్గులుండవు కదా, ఇంజను హెడ్డు మొత్తం మార్చాలి. సిలిండరు పెట్టాలంటే మంచం తీసెయ్యాలి."

"మంచం తీసేస్తే ఇంక నేను ఎక్కడ పడుకోను, సిలిండరు మీదా?"

మెకానిక్కు నవ్వలేదు. "ఏదైనా చెయ్యండి గానీ అమ్మకండి," అన్నాడు, స్పానర్ల వైపే చూస్తూ.

నాసిరకం పని చేసినవాడికి బండి ఊరు దాటిపోతే హాయి కదా, వీడికెందుకింత పట్టుదల? ఇంటికొచ్చే దారంతా మాస్టారికి అదే ప్రశ్న. జవాబు దొరకలేదు. పాత స్నేహితుడు మోసం చేశాడన్న బాధకంటే, చేసి మొహం చాటేస్తున్నాడన్నదే ఎక్కువ గుచ్చింది.

*

అయినా మాస్టారు ప్రయోగం చెయ్యకుండా తీర్పు చెప్పే రకం కాదు. మర్నాడు ఊరవతల వాడిన నూనె కొని డీజిలు తయారుచేసే ఆవిడ దగ్గరికి వెళ్లారు. రేకుల షెడ్డు, రెండు పీపాలు, వేయించిన వాసన. ఆవిడ సీసాలో పోసిచ్చి, "పాత బండా? రబ్బరు గొట్టాలు ముందు మార్పించుకోండి బాబాయ్ గారూ, మాది తగిలితే మెత్తబడిపోతాయి. ట్యాంకులో మట్టంతా కూడా కడిగేసి ఫిల్టర్లోకి తోసేస్తుంది," అంది.

"నీ సరుకు నువ్వే వద్దంటున్నావేంటమ్మా?"

"రేపు నడిరోడ్డు మీద ఆగిపోతే తిట్టేది నన్నేగా?"

నిజం చెప్పి బేరం పోగొట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ చిన్న సంగతికి ఆ పూట ఆయనకి ప్రాణం కొంచెం తెరిపిన పడింది.

సాయంత్రం ఆసుపత్రి డ్యూటీ నుంచి కూతురు వచ్చింది. నర్సు. రెండు వీధుల అవతల ఉంటుంది. బల్ల మీద పరిచిన కాగితాలు చూసి చెప్పులు విప్పకుండానే నిలబడిపోయింది.

"ఇదేంటి నాన్నా, మళ్లీ పరీక్షలు పెట్టావా?"

"బ్యాటరీతో నడిపిస్తే ఎలా ఉంటుందో చూస్తున్నా. మూడొందల యాభై కిలోల బ్యాటరీ కావాలి. అది మోసుకుంటూ సముద్రం దాకా వెళ్లి, అక్కడ ప్లగ్గు కోసం ఇంటింటికీ తిరగాలి."

"అమ్మేస్తానన్నావుగా. ఆదివారం పదింటికి వస్తాడు ఆయన."

"అమ్ముతాను. పది తగ్గితే అమ్ముతానని రాసుకున్నాను కదా."

"అమ్మ ఎప్పుడూ అనేది," కూతురు చెప్పులు విప్పుతూ అంది, "మీ నాన్నకి దేవుడు ప్రత్యక్షమైనా ముందు బరువు చూస్తాడని."

మాస్టారు నవ్వారు. ఆ మాట ఆవిడ అన్నప్పుడు కూడా నవ్వారు.

*

శుక్రవారం మధ్యాహ్నం వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నారు. రిటైరైన రోజున ల్యాబువాళ్లు ఇచ్చిన హైడ్రోమీటరు తీశారు. అడుగున సీసపు గుళ్లున్న గాజుపుల్ల అది. ద్రవంలో వదిలితే నిటారుగా తేలుతుంది. ద్రవం ఎంత బరువైతే అంత పైకి లేస్తుంది, మీద గీతలు చూసి సాంద్రత చదువుకోవచ్చు. బండిలోంచి తీసిన డీజిల్లో వదిలారు. సున్నా పాయింట్ ఎనిమిది మూడు అయిదు. నూనె ఆవిడ ఇచ్చిన దాంట్లో సున్నా పాయింట్ ఎనిమిది ఎనిమిది. బరువెక్కువ, కాలితే వచ్చే వేడి తక్కువ. అది పోస్తే తొమ్మిది కూడా రాదు.

గాజుపుల్ల పాతదైంది. సరిగ్గా చూపిస్తోందో లేదో తెలిసిన ద్రవంతో సరిచూసుకోవాలి. కిరోసిను సున్నా పాయింట్ ఎనిమిది దగ్గర ఉంటుంది. కిరోసిను బండిలో ఉంది, స్టవ్వు కోసం.

బండిలో ముందు సీట్ల దాకా ఆయనది, ఆ వెనకదంతా ఆవిడది. పెళ్లైన కొత్తలో వంటింటికి పెట్టుకున్న పద్ధతే బండికీ వచ్చింది. స్టవ్వు కింద అరలో ఆవిడ ఏం పెట్టిందో ఆయన ఏనాడూ తెరిచి చూడలేదు. రెండేళ్లుగా ఆ స్టవ్వు వెలిగించనూ లేదు, ఒడ్డున టీకొట్టుతోనే సరిపెట్టుకున్నారు. ఇప్పుడు మోకాళ్ల మీద కూర్చుని తలుపు లాగారు. సబ్బుబిళ్ల, మడతపెట్టిన గోనెపట్టా, గరాటు, రెండు అయిదు లీటర్ల డబ్బాలు. రెండింటి మీదా ఆవిడ దస్తూరీలో 'స్టవ్‌కి' అని రాసిన కాగితాలు. ఒకటి ఖాళీ కావొచ్చింది. రెండోది నిండుగా ఉంది.

నిండు డబ్బా తెచ్చి గాజుజాడీలో పోసి పుల్లని వదిలారు. అది రెండుసార్లు ఊగి నిలబడింది.

సున్నా పాయింట్ ఎనిమిది మూడు అయిదు.

పుల్ల పాడైందనుకున్నారు. కడిగి నీళ్లలో వదిలారు. సరిగ్గా ఒకటి. తుడిచి మళ్లీ జాడీలో వదిలారు. ఎనిమిది మూడు అయిదు. వంగి వాసన చూశారు. తర్వాత ఖాళీ కావొచ్చిన డబ్బాలోంచి కొంచెం పోసి చూశారు. ఎనిమిది. అది కిరోసినే.

నిండు డబ్బా పిడికి ఎర్రదారంతో ఒక తాళంచెవి కట్టి ఉంది. చేతిలోకి తీసుకోగానే గుర్తుపట్టారు. ట్యాంకు మూతది. అలాంటిది ఆయన గుత్తిలో ఒకటే ఉంది. ఆరేళ్ల క్రితం పాత మూత పోతే మెకానిక్కు తాళమున్న మూత బిగించాడు. "ఒక్క చెవే వచ్చింది మాస్టారూ, జాగ్రత్త," అన్నాడు.

మాస్టారు తాళంచెవిని బల్ల మీద పెట్టారు. తర్వాత నోటుబుక్కు తెచ్చుకున్నారు. మొదటి పేజీల్లో పదకొండు పైన. తర్వాత పది పాయింట్ ఎనిమిది. పది నాలుగు. ఆరేళ్ల క్రితం, పది ఒకటి. దాని పక్కన ఆయన రాసిన ప్రశ్నార్థకం. ఆ తర్వాతి ప్రయాణానికి హఠాత్తుగా పది పాయింట్ ఆరు. ఆ రోజు ఎంత సంబరపడ్డారో గుర్తుంది. షెడ్డుకి వెళ్లి మెకానిక్కు భుజం తట్టి, "నీ చేతిలో ఏదో ఉందయ్యా," అన్నారు. అతను తలొంచుకున్నాడు. అణకువ అనుకున్నారు.

నాలుగొందల ముప్పై కిలోమీటర్లు, నలభైన్నర లీటర్లు. ఆ లీటర్లకి డబ్బాలో పట్టే అయిదూ కలిపారు. భాగించారు. తొమ్మిదిన్నర కూడా లేదు. తర్వాతి పేజీ, అయిదు కలిపారు. తొమ్మిది నాలుగు. నాలుగేళ్ల ప్రయాణాలన్నీ ఒక్కొక్కటే తొమ్మిదిలోకి దిగిపోయాయి.

లెక్క రాసేది ఆవిడే. ఆయన పంపు దగ్గర నిలబడి లీటర్లు కేకేసి చెబితే ఆవిడ సీట్లో కూర్చుని రాసుకునేది. ఒక్క అంకె తప్పు రాయలేదు. పుస్తకంలో అబద్ధం లేదు. అబద్ధం ట్యాంకులో ఉంది.

ఎప్పుడు పోసిందో కూడా తెలిసిపోయింది. తిరుగు ప్రయాణంలో వంతెన పక్కన చెట్ల నీడలో ఆగేవారు. "మీరు కాసేపు నడుం వాల్చండి, నేను గిన్నెలు కడుక్కొస్తా," అనేది. ఆయన లేచేసరికి చేతులు సబ్బువాసన వేసేవి. గిన్నెలు కడిగితే వచ్చే వాసనే అనుకునేవారు. ఒకసారి ఆవిడ బయటికి తీసిన రెండు డబ్బాలూ చూసి, "ఈ స్టవ్వు మనిద్దరికంటే ఎక్కువ తాగుతోందే," అన్నారు. ఆవిడ కళ్లనీళ్లు తిరిగేదాకా నవ్వింది. అంత గొప్ప జోకేం కాదే అని అప్పుడే అనిపించింది ఆయనకి.

*

శనివారం పొద్దున్న షెడ్డుకి వెళ్లి, ఎర్రదారంతో సహా తాళంచెవిని బల్ల మీద పెట్టారు.

మెకానిక్కు దాన్ని చూశాడు. గుడ్డ తీసుకుని స్టూలు తుడిచి ముందుకు జరిపాడు. మాస్టారు కూర్చోలేదు.

"ఆరేళ్ల క్రితమేనా?"

"ఆరేళ్ల క్రితమే."

"డబ్బా ఎవరు నింపేవారు?"

"నేనే. మీరు బయల్దేరే ముందు బండి చూపించడానికి తెచ్చేవారు కదా, అప్పుడు పెట్టేవాణ్ణి."

"ఇద్దరూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారు."

"చేశాం మాస్టారూ."

కాదంటాడనుకుని మాటలు దాచుకొచ్చారు మాస్టారు. కారు బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు.

"నేను నిన్ను మెచ్చుకుంటే తీసుకున్నావు. నీ చేతిలో ఏదో ఉందంటే ఊరుకున్నావు."

"ఆ రోజు నాకు రాత్రి అన్నం సయించలేదు. అక్కకి చెప్పాను, ఇంక నావల్ల కాదని. 'ఈ ఒక్కసారికీ' అంది. ప్రతిసారీ అదే మాట."

"ఎందుకు? నన్ను అడగొచ్చుగా. ఆ నియమం నేను రాసిందే, నేనే కొట్టేసేవాణ్ణి. అడిగితే కాదనేవాణ్ణా?"

మెకానిక్కు ముందుకు వంగాడు. బల్ల కింద నుంచి ఒక రేకుడబ్బా తీసి మూత విప్పి చూపించాడు. లోపల మసి పట్టిన నాలుగు పాత నాజిళ్లు, నూనెగుడ్డలో చుట్టి ఉన్నాయి.

"ఇవి మీ బండివి. కొత్తవే వేశాను. ఎప్పుడైనా అడుగుతారు, చూపిద్దామని రెండేళ్లుగా దాచా. మీరు అడగలేదు మాస్టారూ. అనేశారు."

మాస్టారు ఒక నాజిల్ని తీసి, తిప్పి చూసి, మళ్లీ డబ్బాలో పెట్టారు.

"నువ్వు చెప్పేసి ఉండొచ్చు. ఆవిడ పోయాకైనా."

"పోయిన మనిషి మీద చాడీ ఎలా చెప్పను? నా పని బాగాలేదనుకుంటే అనుకున్నారులే అనుకున్నా. అది నేను మోయగలను." డబ్బా మూత పెట్టాడు. "మీరిప్పుడు అడిగారే, అడగొచ్చుగా అని. నేనూ అదే అన్నాను అక్కతో. ఏమందో చెప్పమంటారా?"

"చెప్పు."

"'అడిగితే మార్చేస్తారు. అది నాకు తెలుసు. అడక్కుండా మారిస్తే బాగుండునని ఉంది' అంది. మీరు పది ఒకటి పక్కన ప్రశ్న పెట్టారట చూడండి, ఆ రోజు. మీరేమైనా అంటారేమోనని ఊళ్లోకి వచ్చేదాకా మీ మొహమే చూసిందట. మీరు పుస్తకం మూసి, 'ఇంకొక్క ట్రిప్పు వస్తుందేమో' అన్నారట."

అన్నారు. ఆ మాట ఆయనకి గుర్తు కూడా లేదు. లేదనుకున్నారు గానీ, ఇప్పుడు పేజీతో సహా గుర్తొచ్చింది.

స్టూలు మీద కూర్చున్నారు. మెకానిక్కు వెళ్లి బానెట్లోకి వంగి, అక్కడేదో బోల్టు బిగించి, దాన్నే మళ్లీ వదులు చేశాడు.

ఇంటికెళ్లి మాస్టారు కూతురికి ఫోన్ చేశారు. "రేపు ఆయన్ని రావద్దను."

"ఏమైంది? పది దాటిందా?"

"లేదు. ఆరేళ్లుగా దాటలేదు."

*

ఆదివారం వెళ్లి, సముద్రం ఒడ్డున ఒక రాత్రి ఉండి, సోమవారం తిరిగి బయల్దేరారు. ఒడ్డున ఉన్నంతసేపూ ఆవిడతో పోట్లాడుతూనే ఉన్నారు. నాలుగేళ్లు. ఒకే మంచం మీద, ఒకే కంచం పక్కన కూర్చుని నాలుగేళ్లు. చెప్పకపోవడానికి ఎంత ఓపిక కావాలి? లెక్కల మనిషి నిద్రలేచేలోగా చెయ్యి కడుక్కుని రావడానికి ఎంత హడావిడి పడి ఉంటుంది? అలా అడిగేకొద్దీ కోపం తగ్గలేదు గానీ, ఎవరి మీదో తేల్చుకోలేకపోయారు.

మధ్యాహ్నం వంతెన పక్కన చెట్ల నీడలో బండి ఆపారు. మంచం మీద నడుం వాల్చారు. కళ్లు మూసుకున్నారు. గిన్నెల చప్పుడేమీ లేదు. కాసేపటికి లేచి, స్టవ్వు కింద అరలోంచి నిండు డబ్బా, గరాటు తీసుకుని కిందికి దిగారు.

ట్యాంకు మూతి ఆయన ఛాతీ ఎత్తున ఉంది. ఆవిడకైతే భుజం దాకా వస్తుంది. అయిదు లీటర్లంటే నాలుగు కిలోల పైచిలుకు, అది ఆయనకి నోటిలెక్క. కానీ ఒక చేత్తో గరాటు పట్టుకుని ఇంకో చేత్తో ఆ నాలుగు కిలోలు ఎత్తి వంచితే మణికట్టు వణికింది. ఆవిడకి కుడి మణికట్టు బాగుండేది కాదు. కూరగాయలు కోస్తూ మధ్యమధ్య చెయ్యి విదిలించుకునేది.

సగం అయ్యేసరికి డబ్బా గుడగుడమని ఒక్కసారిగా పొంగింది. గరాటు పక్కకి ఒరిగింది. డీజిలు మూతి అంచు మీంచి పొర్లి, తెల్లరంగు మీద, సరిగ్గా ఆ గోధుమరంగు మరక దారినే కిందికి జారింది.

మాస్టారు జేబులో గుడ్డ కోసం చెయ్యి పెట్టారు. చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

పొద్దు వాలకముందే ఊరి చివర పంపుకి చేరారు. టోపీ ఆవిడ బండిని దూరం నుంచే చూసి, ఈసారి గుడ్డ తనే పట్టుకుని ఎదురొచ్చింది. మూత తీయగానే మరక వైపు వేలు చూపించింది.

"సార్, ముందే చెబుతున్నా. ఇది నేను ఒలికించింది కాదు."

"తెలుసమ్మా."

ఆవిడ పంపు చేతిలో పట్టుకుని ఆగిపోయింది.

"ఇవాళ్టిది నేను ఒలికించాను. అంతకు ముందువి మా ఆవిడ. నిన్నే అన్నాను ఇన్నాళ్లూ."

ఆవిడ టోపీ సర్దుకుంది. "పోన్లెండి సార్," అని పోయడం మొదలుపెట్టింది. నలభై దాటాక పంపు టక్కున ఆగింది. ట్యాంకు మూతి నిండా నురగ. అలవాటు కొద్దీ ఆవిడ చెయ్యి దించి నిలబడింది. వెనక లారీ హారన్ కొట్టింది. ఆవిడ లారీ వైపు తిరిగి, ఆగమన్నట్టు చెయ్యి చూపించింది.

"నురగ తగ్గింది సార్. ఇంకొంచెం పడుతుంది. పొయ్యనా?"

మాస్టారు మూతి లోపలికి చూశారు. అంచుకి రెండు వేళ్ల కింద డీజిలు కదులుతోంది. నిండా పొయ్యకపోతే లెక్క తేలదు. ఆ సంగతి ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

"చాలమ్మా," అన్నారు, మూత అందుకుంటూ.